పోటీ ఆఫీసువారికి ఇళ్ల బ్రోకరు ఉత్తరాలు

గౌరవనీయులైన పోటీల కార్యాలయం అధికారి గారికి,

ఇళ్ల బ్రోకర్ల సంఘం అధ్యక్షుడు నమస్కరించి రాయునది. ‘మీ సంఘంలో పోటీ ఎలా ఉంది?’ అని అడిగిన మీ ఉత్తరం అందింది. పోటీకి మేం సిద్ధం. ఐకమత్యంలో మమ్మల్ని మించినవాళ్లు లేరు. నలభైమందిదీ ఒకటే కమీషన్, పైసా తేడా రాదు. అమ్మకానికొచ్చిన ప్రతి ఇల్లూ మా ఉమ్మడి జాబితాకే ఎక్కాలి. ఒకడు సగం కమీషనుకే ఇళ్లు అమ్మిపెడుతుంటే జాబితాలోంచి కొట్టేశాం. వాడి చేతిలో ఉన్న ఇళ్లను మావాళ్లెవరూ చూపించలేదు. ఆరు నెలల్లో కొట్టు మూసుకున్నాడు.

ఇట్లు,
అధ్యక్షుడు

తా.క.: ఆ ఒకడు నా సొంత తమ్ముడే. దీనికి అదనపు మార్కులుంటే వేయగలరు.

అధ్యక్షుల వారికి,

మాది పోటీలు పెట్టే ఆఫీసు కాదు. వ్యాపారంలో పోటీ లేకుండా తొక్కేసేవారిని విచారించే ఆఫీసు. మీరు రాసినదంతా నిజమేనా?

ఇట్లు,
విచారణాధికారిణి

తా.క.: మార్కులు లేవు. జరిమానా ఉంది.

అమ్మా,

మీ ఉత్తరం చదివి తల దిమ్మెక్కింది. నా ఉత్తరం దయచేసి చించేయండి. ఫిర్యాదు చేసింది మా తమ్ముడే కదూ? వేలు పట్టుకుని నడిపించాను వాణ్ణి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడు!

ఇట్లు,
మోసపోయిన అన్న

తా.క.: చించడానికి మీకు చేతులు రాకపోతే నేనే వచ్చి చించి వెళతాను.

అయ్యా,

ఫిర్యాదు మీ తమ్ముడిదే. మీకు మేం ఉత్తరం వేసిన మర్నాడే వచ్చి వెనక్కి తీసుకున్నారు. కారణమడిగితే, “మా అన్నయ్య పరువు పోతుందండీ” అన్నారు. ఫైలు మూసేస్తుండగా మీ జవాబు వచ్చింది. ఇప్పుడు మా దగ్గరున్న సాక్షి మీరొక్కరే.

ఇట్లు,
విచారణాధికారిణి

అమ్మా,

నిన్న తమ్ముడింటికి వెళ్లాను. వాడిప్పుడు ఆసుపత్రి గేటు దగ్గర కాపలా ఉంటున్నాడు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చినట్టున్నాడు, యూనిఫాం విప్పకుండానే నాకు కుర్చీ వేశాడు. “తప్పు చేశాన్రా” అన్నాను. “ముందు మంచినీళ్లు తాగన్నయ్యా” అన్నాడు.

నా ఉత్తరం చించకండి. అందులో ప్రతి ముక్కా నిజం. ఎప్పుడు పిలిస్తే అప్పుడు వచ్చి చెబుతాను.

ఇట్లు,
మాజీ అధ్యక్షుడు

తా.క.: వాడు అద్దెకున్న ఇల్లు ఖాళీ చేయమన్నారట. “మంచి ఇల్లు నేను చూపిస్తాలేరా” అన్నాను. “వద్దన్నయ్యా, నీ కమీషన్ నేనిచ్చుకోలేను” అన్నాడు. నవ్వుతూ అన్నాడో లేదో, తలెత్తి చూడలేకపోయాను.