అడక్కుండా దాచిన పాట

బొగోతా,
ఆగస్టు 14.

అమ్మకు, నీ కూతురు యిర్లేసా దీవెన కోరి రాస్తున్న ఉత్తరం. నేను కులాసాగానే ఉన్నాను. నువ్వూ, నూబియా పిన్నీ, మన కోళ్ళూ బాగున్నారని తలుస్తాను. పడవలో పంపిన ఎండుచేప అందింది. వండితే పై అంతస్తు వాళ్ళు కిటికీలు మూసుకున్నారు. మూసుకోనీ.

చలికి పట్టిన దగ్గు తగ్గిందా అని అడిగావు. తగ్గింది. "పాత కాయితాల దగ్గర కూర్చుంటే జీతం ఎందుకిస్తారే?" అని కూడా రాయించావు. ఆ మాట రాస్తూ పిన్ని నవ్వే ఉంటుంది. చెబుతాను విను. ఎనభై ఏళ్ళ కిందట దొరలెవరో మన నది మీద తీసిన ఫొటోలు మా ఆర్కైవులో ఉన్నాయి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, ఎక్కడివాళ్ళయినా చూసేలా పెడతాం. ఒకదాని కింద "బంగారం కడుగుతున్న నల్ల ఆడది" అని రాసి ఉంది. నది పేరుంది, గని యజమాని పేరుంది, ఆమె పేరు మాత్రం లేదు. ఆ ఫొటో పట్టుకుని ఊరూరా తిరిగాను. చివరికి ఒక ముసలాయన "మా అమ్మమ్మ సెబాస్తియానా" అని ఏడ్చాడు. ఇప్పుడు దాని కింద ఆ పేరే ఉంది.

ఇంకో పని కూడా చేశాను. ఎవరి ముఖమైనా, గొంతయినా లోకం ముందు పెట్టాలంటే వాళ్ళనో వాళ్ళ ఇంటివాళ్ళనో అడగాలి, వద్దంటే తీసెయ్యాలి అని నియమం పెట్టించాను. పై అధికారులతో పోట్లాడి మరీ పెట్టించాను. నా నోటి సంగతి నీకు తెలిసిందే.

పిన్నీ, ఇక్కణ్ణుంచి నెమ్మదిగా చదువు. పక్కింటివాళ్ళుంటే లోపలికి వెళ్ళి చదువు.

పోయిన నెల నది ఎగువ ఊళ్ళో పాస్తోరా అవ్వ దగ్గరికి వెళ్ళాను. ఎనభై దాటిన మనిషి. చావింట పాడడంలో నీ అంతటిది. రికార్డు చేసుకుంటాను, పాడమంటే ఒప్పుకోలేదు. "శవం లేకుండా పాడితే ఎవర్ని పిలిచినట్టే పిల్లా?" అంది. నువ్వూ అదే అంటావు. ఆవిడ బెరుకు పోగొడదామని నా ఫోనులో ఒక పాట పెట్టాను. విని, చావింట్లో అడుగుపెట్టినట్టు లేచి నిలబడి, తలగుడ్డ తీసేసింది.

"ఎవరు పోయారు?"

"మా తమ్ముడు ఫెర్మీన్, అవ్వా. మూడేళ్ళయింది."

"అది కాదే. ఇవాళ ఎవరు పోయారు?"

నేను పాట ఆపేశాను.

"పాడిందెవరు?"

"మా అమ్మ."

"అడిగావా?"

అడగలేదమ్మా. తమ్ముడి తొమ్మిదో రోజున, ఫోను చార్జింగుకు పెట్టానని అబద్ధం చెప్పి, తొమ్మిది రాత్రులూ వాడి కోసం నిలిపిన పీఠం మీది తెల్లగుడ్డ కింద దాచాను. ఆర్కైవులో మన ఊరి పాట ఒక్కటీ లేదని, నీ తర్వాత పాడేవాళ్ళుండరని భయపడి, ఆ ఏడాదే అందులో పెట్టేశాను. నాలుగు వందల పదకొండు మంది విన్నారు. బస్సులో కూర్చుని విన్నవాళ్ళుంటారు, అన్నం తింటూ విన్నవాళ్ళుంటారు. వాళ్ళకు మనవాడెవరో కూడా తెలియదు. నాకు సిగ్గుగా ఉంది. లోకమంతటికీ నీతులు చెప్పి సొంత ఇంట్లోనే దొంగతనం చేశాను.

మర్నాడే దాన్ని ఆర్కైవు నుంచి తీసేశాను. విన్నవాళ్ళ చెవుల్లోంచి తియ్యలేను కదా. ఇప్పుడు నా ఫోనులో ఒక్కటే మిగిలింది. చెరిపెయ్యబోయి మూడుసార్లు ఆగిపోయాను. అందులో, పాట అయ్యాక, వాణ్ణి సాగనంపి పీఠం విప్పడానికి అందరూ లేచారు. అప్పుడు నువ్వు గుడ్డ దగ్గరికి వంగి, "ఫెర్మీన్, ఇక వెళ్ళు నాన్నా, దారిలో నా కోసం ఆగకు" అన్నావు. ఆ తర్వాత వాడి పేరు నీ నోట వినలేదు. ఉత్తరాల్లో కూడా "వాడు" అనే రాయిస్తావు.

ఆ మాట నువ్వు వాడితో అన్నావు, నాతో కాదు. నేను వినకూడనిది. అయినా పాటంతా దాటించి, రోజూ ఆ చివరి మాట ఒక్కటే వింటున్నాను.

వచ్చే శనివారం పడవకు వస్తాను. జవాబు పిన్ని చేత రాయించకు, నా ముఖం చూసి నువ్వే చెప్పు. చెరపమంటే నీ ముందే చెరిపేస్తాను. మూడేళ్ళ కిందట అడగాల్సింది ఇప్పుడు అడుగుతున్నాను. అమ్మా, ఉంచుకోనా?

ఇట్లు,
నీ గొంతు దొంగిలించిన నీ కూతురు,
యిర్లేసా