హైమ పేరుకి గంగ పలికింది

ఖరగ్‌పూర్, 1988

చిరంజీవి గణపతిరావుని నాన్న దీవించి రాయునది.

నా రాత బాగోదు, తప్పులుంటాయి. కూడబలుక్కుని సదువుకో.

చక్రధర్‌పూర్లో తెలుగు ఇస్కూలు లేదని నీ కవల పిల్లలిద్దరినీ నా కాడ ఉంచినావు. ఈ ఏడు పరీక్ష పెట్టి, తెలివైనోళ్ళని ఏరి, రోజూ బస్సులో హిజ్లీ వైపు వేరే ఇస్కూలుకి తీసుకుపోతన్నారు. హైమని ఏరినారు, గంగని ఏరలేదు. నువ్వూ నేనూ సంతోషించినాం.

హైమది నా పోలిక. హాజరు పిలిస్తే సిగ్గుపడి నోరిప్పదు. ఇస్కూల్లో మొదట్నుంచీ ఇద్దరి పేర్లకీ గంగే పలికేది. ఇంట్లో మాత్రం హైమ బాగానే మాటాడేది. ఇప్పుడు కొత్త ఇస్కూల్లో ఎంత పిలిచినా పలకదంట.

ఇక్కడ పాత ఇస్కూల్లో హాజరు పట్టీలోంచి హైమ పేరు కొట్టేసినారు. అయినా గంగ తన పేరుకి పలికి, కాసేపాగి, మళ్ళీ "ఉన్నాను" అంటోందంట. పక్కన ఎవర్నీ కూకోనివ్వదు. "పోయినోళ్ళకి పలికినట్టుంది తాతగారూ, నాకు భయమేస్తోంది," అన్నాది సూసన్న టీచరు.

నిన్న బస్సు దిగగానే హైమ అడిగింది.

"గంగా, ఈయేళ నేను ఇస్కూలుకొచ్చినానా?"

"వచ్చినావు. పలికినాను కదే."

"మరి బస్సులో పోయిందెవరే?"

ఇద్దరూ నవ్వలేదు.

హైమని బస్సు మానిపించీమంటావా? లేపోతే నువ్వొచ్చి, గంగని కూడా తీసుకోమని అక్కడి పెద్ద సారుని అడుగుతావా? నాకు అడగడానికి నోరు రాదు.

ఈ పొద్దున చద్దన్నానికి హైమని పిలిచినాను. గంగ పలికింది. హైమ పక్కనే ఉన్నాది.

బేగి జవాబు రాయి.

మీ నాన్న