నీ బట్టల టబ్బు చర్చికి వెళ్ళింది

డ్యూటీ నుంచి రాగానే బాత్రూమ్‌లోకి చూసుకుని అడుగు పెట్టు. నేలంతా సబ్బు నీళ్ళే, జారిపడతావు. నువ్వు నానబెట్టిన యూనిఫాం బకెట్లో కుక్కాను. టబ్బు కోసం వెతక్కు, నేనే తీసుకెళ్తున్నాను.

ఇవాళ చర్చిలో వాక్యం చెప్పేది నేనే కదా. ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగిన సంగతి ఊరికే చెబితే ఎవరికీ ఎక్కదని, సంఘ పెద్ద కాళ్ళు అందరి ముందూ కడిగి చూపిద్దామనుకున్నాను. సేవ గురించి చెప్పడానికి వెళ్తూ ఉతుకుడంతా నీ నెత్తిన పడేశానని, నీళ్ళు పారబోశాక గానీ నా బుర్రకు తట్టలేదు. బట్టలు ముట్టుకోకు, వచ్చి నేనే ఉతుకుతాను. పోయిన వారం కూడా ఇదే అన్నానని నాకూ గుర్తుంది.

అద్దం ముందు వినయంగా వంగడం ప్రాక్టీస్ చేస్తుంటే అమ్మ చూసింది. "వాళ్ళ కాళ్ళు సరే. రాత్రంతా వార్డులో నిలబడి వస్తుందే నీ పెళ్ళాం, ఆ కాళ్ళు ఎప్పుడైనా చూశావురా?" అంది. నా ప్రసంగం కాగితాలు మళ్ళీ తిరగేశాను. ఉన్నదంతా ఇతరులకు చెప్పేదే.

టిఫిన్ మూత పెట్టి ఉంచాను. తిని పడుకో.

ఇంకో మాట. స్టవ్ మీద వేడినీళ్ళున్నాయి. కాసేపు కాళ్ళు పెట్టుకుని కూర్చుంటావని కాచాను. పెట్టుకోవాల్సిన టబ్బు నా చంకలో ఉందని ఇప్పుడే చూసుకున్నాను. నువ్వు లేచేసరికి టబ్బూ నేనూ ఇంట్లోనే ఉంటాం. ఈసారి చూసేవాళ్ళెవరూ ఉండరు.