పెట్టె లేనివాడి ప్లేట్లు

బాగన్ దాతుక్ దగ్గరి కొబ్బరి తోట నుంచి,

అప్పకు తమ్ముడు సూర్యనారాయణ నమస్కారాలు. బావగారికి కూడా నమస్కారాలు. ఈ ఉత్తరం నీకు చదివి వినిపించేది ఆయనే కనుక, మధ్యలో ఏదీ దాటెయ్యకుండా చదవమని నా మనవి. పోయిన ఉత్తరంలో నేను అడిగిన కొన్నిటికి జవాబు రాలేదు. అవి నీ చెవిన పడ్డాయో లేదో నాకు అనుమానంగానే ఉంది. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? పిల్లలు ఒంట్లో బాగున్నారా? గేదె ఈనిందా? ఇక్కడ నేను కులాసాగానే ఉన్నాను. రాయాలి గనుక రాస్తున్న మాట కాదు.

వాన రోజూ మధ్యాహ్నం పడుతోంది. నా రోజువారీ లెక్కలు రాసుకున్న కాగితం తెల్లారేసరికి మెత్తబడి సిరా పాకుతోంది. బియ్యం దుకాణంవాడు తడిపి తూస్తాడని నా నమ్మకం. ఒకసారి గుప్పెట్లోకి తీసుకుని చూస్తే కోపగించుకున్నాడు. పగలంతా కొబ్బరికాయల లెక్క రాసి, ఇంటికొచ్చి కొబ్బరి వేసిన కూరే తింటున్నాను. కొబ్బరి ఎండబెట్టే పొగ బట్టలకు పట్టి ఉతికినా వదలదు. అలవాటైపోయింది, బెంగ పెట్టుకోకు.

మాట్లాడే మనుషులు తక్కువ. ఇక్కడ గుమాస్తాను కిరాణీ అంటారు. నేను చిన్న కిరాణీని. నేను దొర మనిషినని కూలీలకు అనుమానం. కూలీల మనిషినని మా పెద్ద కిరాణీగారికి అనుమానం. మన వైపు నుంచి వచ్చినవాళ్ళే ఈ తోటలో చాలామంది ఉన్నా, నేను దగ్గరికి వస్తుంటే మాట ఆపుతారు. అందుకే ఈ ఆదివారాల సంగతి నీకు వివరంగా రాస్తున్నాను.

కొబ్బరి పీచు వలిచే జట్టుకు పెద్ద, సింహాచలం అనే ఆయన. ఆయన దగ్గర గ్రామఫోను ఉంది. ఆదివారం సాయంత్రం ఆయన ఇంటిముందు పాటల సరదా ఉన్నవాళ్ళం చేరుతాం. ఆయనకున్న రెండు మూడు ప్లేట్లూ అరిగిపోయి, పాడేవాళ్ళందరికీ జలుబు చేసినట్టు వినిపిస్తుంది. అలాంటి చోటికి కొన్ని నెలలుగా పక్క తోట నుంచి అసిరినాయుడు అనే మనిషి వస్తున్నాడు. సైకిలు వెనక పాత చీరలో చుట్టిన మంచి ప్లేట్లు తెస్తాడు. ఆయన వచ్చాకే ఒక పద్ధతి మొదలైంది. వారమంతా ఎవరి నోట్లో ఏ పాట ఆడిందో వాళ్ళు చెప్పాలి, ఆ ప్లేటే ముందు వేస్తారు. నా వంతు వస్తే నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి.

అసిరినాయుడు ఊరికే వినడు, వినిపిస్తాడు. "ఇక్కడ సెవి పెట్టండి. ఫిడేలాయన ఆగినాడు సూడండి, ఆయమ్మని ఊపిరి తీసుకోనిచ్చి అందుకుంతాడు" అంటాడు.

"ఆయమ్మకి ఊపిరెక్కడిది? కీ ఇచ్చింది నాను" అంటాడు సింహాచలం.

ఆ ప్లేటు ఒకామె పాడిన జావళి. రాలేదేమి అన్న ఒక్క మాటనే రకరకాలుగా అంటుంది. మొదట కోపంగా, తరవాత పక్కింటివాళ్ళు వింటారేమోనన్నట్టు నెమ్మదిగా, చివరికి జవాబు తనకే తెలిసినట్టు. అప్పా, ఆ చివరిది వినడానికి నేను వారమంతా ఎదురుచూస్తాను. పైకి చెప్పలేదు.

అయినా ఆయన మీద నాకు మొదటినుంచీ అనుమానమే. అంత మంచి ప్లేట్లున్నవాడికి సొంత గ్రామఫోను పెట్టె లేదు. పెట్టె లేనివాడికి ప్లేట్లెందుకు? అడిగితే నవ్వి మాట మార్చాడు. పైగా వెళ్ళేముందు ఎవరో ఒకరిని పక్కకు పిలిచి మాట్లాడతాడు. ఈ దేశంలో ఒక తోటవాళ్ళు ఇంకో తోట కూలీలకు మాయమాటలు చెప్పి తీసుకుపోవడం ఉంది. అందుకోసం మనుషులను పెట్టి పంపుతారు.

నేను అనుకున్నంతా అయింది. ఒక సోమవారం పొద్దున్న హాజరు పిలిస్తే, అసిరినాయుడు తరచు పక్కకు పిలిచే లక్ష్మయ్య, అతని భార్య పలకలేదు. ఇల్లు ఖాళీ. పెద్ద కిరాణీగారు అరవాయన, మనతో తెలుగు కలిపి మాట్లాడతారు. నన్ను లోపలికి పిలిచారు.

"తంబీ, ఆదివారం పాటకి బయటి మనిషి వస్తాడంట. పాట వినేదానికి వస్తాడా, మనుషుల్ని పిలిచేదానికి వస్తాడా?"

"తెలియదండి."

"తెలుసుకో. వచ్చే సోమవారం చెప్పు. అట్టాంటివాడైతే తోటలో కాలు పెట్టనియ్యను. ఆ పాట కూడా ఆపేస్తా."

ఆ ఆదివారం పొద్దున్నే, ఎవరికీ చెప్పకుండా, కాలవ గట్టు పట్టుకుని పక్క తోటకు నడిచాను. అసిరినాయుడి ఇంటి తలుపు వేసి ఉంది. గోడ అవతలి ఇంట్లోంచి ఒకామె వచ్చి, "ఎవురు కావాల బాబూ?" అంది. పక్క తోట కిరాణీనని చెప్పి, ఇక్కడ గ్రామఫోను ఉందని విని వచ్చానన్నాను. అబద్ధం అనుకుని ఆడాను, నిజమైంది.

"ఉంది. ఉండీ ఏటి నాభం? ప్లేట్లు మా మరిది కాడున్నాయి" అంది. ఆమె అసిరినాయుడి అన్న అప్పన్న భార్య. "మా మావ పోయినాక అన్నదమ్ములు పంచుకున్నారు. ఈయనకి పెట్టె, ఆయనకి ప్లేట్లు. ఇత్తడి గిన్నెలూ అలగే పంచినారు. గిన్నెలు మాకు, మూతలు ఆళ్ళకి."

"గోడకి అటూ ఇటూ ఉన్నారు, కలిసి వినకూడదా?"

"ఈయన పిలవడు, ఆయన అడగడు. మజ్జిన నానేటి సేసీది?"

అన్నదమ్ములిద్దరూ కలిసి ఆడుతున్న నాటకమేమో అని కూడా అనిపించింది. లోపలికి వెళ్ళి చూశాను. పెట్టె మీద బియ్యం చేట ఉంది. గొట్టం లోపల సాలెగూడు, నిండా దుమ్ము. అది నాకోసం అప్పటికప్పుడు పెట్టింది కాదు. మూల కూర్చుని వల బాగుచేసుకుంటున్న అప్పన్న తల ఎత్తకుండా అడిగాడు.

"ఆడు మీ కాడికే వత్తన్నాడా? ఫిడేలు ప్లేటు ఏత్తన్నాడా?"

"వేస్తున్నాడు."

"ముల్లు మారుత్తన్నారా?"

"ప్రతిసారీ."

"మొద్దు ముల్లుతో ఏత్తే గీసుకుపోద్ది. సెప్పు ఆడికి. నాను సెప్పినానని సెప్పకు."

మర్నాడు పెద్ద కిరాణీగారికి చూసింది చూసినట్టు చెప్పాను. "మరి లక్ష్మయ్య ఎట్టా పోయినాడు?" అన్నారు. తెలియదన్నాను. ఆయన కాగితం నా ముందుకు తోశారు.

"ఆ మనిషికి నీదే పూచీ అని రాయి. ఇంకొకరు పోతే నీ పని కూడా పోతుంది. రాయకపోతే పాట బంద్."

నా సంగతి నీకు తెలుసు. కౌలుకు పూచీ ఉండమని బావగారు అడిగినా నేను సంతకం పెట్టినవాణ్ణి కాదు. ఈసారి కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆదివారాల పాట కూడా పోతే నాకు ఇక్కడ మిగిలేది కాయల లెక్కే. పెట్టాను.

ఆ మాట అసిరినాయుడికి చేరింది. తరవాతి ఆదివారం వచ్చి మూట విప్పలేదు. అందరి ముందూ నన్ను అడిగాడు.

"నా మీద సంతకం పెట్టినావంట. అంత నమ్మకం ఏటి కిరాణీ బాబూ?"

"పూర్తి నమ్మకం లేదు" అన్నాను.

సింహాచలం పడీ పడీ నవ్వాడు. అసిరినాయుడు నవ్వలేదు. లక్ష్మయ్యతో ఏం మాట్లాడేవాడివని అడిగాను. అతని దగ్గర ఒక ప్లేటుంది, మార్చుకుందామని బతిమాలానన్నాడు. నిజమో కాదో చెప్పడానికి లక్ష్మయ్య లేడు. తరవాత చీర మూట తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు.

"ఇయి నీ కాడే ఉండనీ. నాను మోసం సేత్తే నీ పని పోద్ది, నా ప్లేట్లు పోతాయి. ఇద్దరికీ సరిపోద్ది."

ఇప్పుడవి నా మంచం కింద, చెమ్మ తగలకుండా చెక్కపెట్టెలో ఉన్నాయి. నా గదిలో గ్రామఫోను లేదు కనుక వాటిని చూడటమే తప్ప వినడం లేదు. నా వంతు వచ్చినప్పుడు ఆ జావళి అడిగాను. నువ్వు ఈ మధ్య ఏ పాట పాడుకుంటున్నావో రాయించు. రాగం రాయలేకపోయినా మాటలు పంపు, ఇక్కడివాళ్ళకు చెబుతాను. వీలైతే మామిడి తాండ్ర కొంచెం గుడ్డలో కుట్టి పంపు.

ప్రతి ఆదివారం అసిరినాయుడు రాగానే ముందు నేను తెచ్చిన మూట విప్పి ప్లేట్లు లెక్కపెట్టుకుంటాడు, ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి గీతలున్నాయేమో చూస్తాడు. నాకు కోపం రాదు. ఆయన ఎవరి పక్కన కూర్చున్నాడో, ఎవరితో గుసగుసలాడుతున్నాడో నేనూ చూస్తూనే ఉంటాను. సింహాచలం ముల్లు మార్చి ప్లేటు మీద పెట్టాక ఇద్దరం ఆ పని మానేస్తాం.

పెద్దవాళ్ళందరికీ నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. నన్ను చల్లగా ఉండమని దీవిస్తూ ఉండు.

నీ తమ్ముడు,
సూర్యనారాయణ