కొత్త భత్యానికి మారకు

తమ్ముడూ,

వంట చేసి పొయ్యి మీదే ఉంచాను. ఆ ఒంటిచేత్తో గిన్నె దించబోకు, గరిటెతో వడ్డించుకో.

ఇవాళ భత్యం ఆఫీసు గుమాస్తా వస్తాడు. నేను వచ్చేదాకా సంతకం పెట్టకు. ఇప్పుడున్న వికలాంగుల భత్యంలోనే ఉంటే, నువ్వు పనికి పోలేకపోయినా ఈ ఏళ్లన్నీ ముసలితనంలో వచ్చే పెన్షన్‌కి లెక్కలోకొస్తాయి. కొత్తదానికి మారితే నెలనెలా ఇంకాస్త ఎక్కువొస్తుంది, నిజమే. కానీ పెన్షన్ లెక్క అక్కడితో ఆగిపోతుంది. మళ్లీ పాతదానికి రానివ్వరట. ఆఫీసుకెళ్లి అడిగే వచ్చాను.

లాండ్రీ పనిలో నా నడుం పడిపోతోందని నీ బాధ. అది నాకు తెలుసు. కానీ నిన్న ఆ గుమాస్తాతో ఫోన్లో ఏమన్నావు? "ముసలాణ్ణయ్యేదాకా ఉంటానా ఏంటండీ, ఇచ్చేదేదో ఇప్పుడే ఇవ్వండి" అన్నావు. పక్కగదిలో దుప్పటి మడతపెడుతూ విన్నాను. లేత్ మిషన్ నీ చెయ్యి లాగేసిన రోజు కూడా నువ్వలాంటి మాట అనలేదురా.

మందులు మర్చిపోకు.

అక్క

ఇంకోమాట. ఈ ఇంట్లో మిగిలింది మనిద్దరమే. నువ్వు లేకపోతే, ముసలిదాన్నయ్యాక నేనెవర్ని తిట్టుకుంటూ బతకాలి?