హెడ్‌లైటు లోపలి చెమ్మ

ఏమయ్యా, నిన్న దానయ్య రాడ్డుతో కొట్టిన మన టాక్సీ హెడ్‌లైటు విప్పాను. పగుల్లోంచి వాననీళ్లు దిగి లోపలంతా మసకేసింది. అద్దం దొడ్లో ఎండుతోంది. మిరపకాయల కల్లంలోకి మార్చకు, కారం దుమ్ము పడుతుంది. లోపలి వెండిపూత రుద్దకు, మెత్తటి గుడ్డతో అద్దు. పగులుకు లక్క పూసి, కొత్త రబ్బరు వేసి బిగించు.

గొడ్డలి వెతక్కు, బావిలో పడేశాను. నువ్వెళ్తే దానయ్యను నరికి ఉరికంబం ఎక్కుతావు. అందుకే నేనే రోకలి పట్టుకెళ్లాను. "ఏందే, నీ మొగుడు చీర కట్టుకున్నాడా?" అన్నాడు. వాడి కుడిచెయ్యి రెండు చోట్ల విరగ్గొట్టాను. స్టేషనుకు పోతున్నా. అన్నం ఉట్టి మీదుంది.

దేవకుమారి

మరిచాను. దానయ్యను గుంటూరు ఆస్పత్రికి నువ్వే తీసుకెళ్లాలి, దారిలో నువ్వూ కొట్టకు. ఊళ్లో ఉన్నవి రెండే టాక్సీలు. రెండోదాన్ని నడిపేది వాడే.