నా కోసం నేనే లేచి నిల్చున్న రోజు

అమ్మకు,

నీ కొడుకు నమస్కారాలు. ఇక్కడ నేనూ నీ కోడలూ బాగానే ఉన్నాం. నీ ఉత్తరం అందింది. ఫోనులో చెప్తే నీకు సరిగా వినబడదు, అక్క మధ్యలో దూరి సగం తన మాటలు కలిపి అరుస్తుంది. ఈ సంగతి అక్క నోటి మీదుగా నీకు చేరకూడదని రాస్తున్నాను. అక్షరాలు పెద్దవిగానే రాస్తున్నాను, అద్దాలు ముక్కు మీదకు జార్చుకోకుండా చదువు.

ముందు నువ్వడిగినవి. మోకాలి నొప్పి తగ్గింది. నీ కోడలు వద్దంటున్నా యూనివర్సిటీకి కొత్త బూట్లే వేసుకుపోయాను, మడమలు బొబ్బలెక్కాయి. వంటింటి కొళాయి బాగుచేయించాం, ఇప్పుడు స్నానాలగదిది కారడం మొదలుపెట్టింది.

ఇక యూనివర్సిటీలో మా పాత క్లాసువాళ్లు కలుసుకున్న సంగతి వివరంగా రాయమన్నావు. ఆ ప్రకటన పేపర్లో చూసి చెప్పింది నీ కోడలే. చదువయ్యాక నేను ఎవరితోనూ రాకపోకలు పెట్టుకోలేదు. చెప్పాపెట్టకుండా వెళ్లి ఎదురుగా నిలబడితే సరదాగా ఉంటుందనుకున్నాను. రైలు ఆలస్యమై, నేను వెళ్లేసరికే సభ మొదలైపోయింది. వెనక తలుపు మెల్లగా తోసుకుని చివరి వరసలో కూర్చున్నాను. ముందంతా బట్టతలలూ, తెల్లజుట్లూ. వేదిక పక్కన పోయినవాళ్ల ఫొటోలు వరసగా పెట్టారు. వాటిలో నాదీ ఉంది.

ముందు నవ్వొచ్చింది. నా పేరే ఉన్న ఎవరో పోతే, పేపర్లో చూసి నేనే అనుకున్నారట. అది తర్వాత తెలిసింది. వేదిక మీద మైకుగాడు మాట్లాడుతున్నాడు. సెలవులకు మన ఇంటికొచ్చి ముద్దకూ ముద్దకూ మధ్య కూడా వాగుతుంటే నువ్వే వాడికా పేరు పెట్టావు. వాడు నా ఫొటో వైపు చెయ్యి చూపించి, "వీడే లేకపోతే ఇవాళ నేను మీ ముందు నిలబడేవాణ్ణి కాదు" అన్నాడు.

అప్పుడే లేచి, "ఒరేయ్, ఉన్నానురా" అనాల్సింది. లేవలేదు. ఇంకేమంటాడో విందామనిపించింది.

మేం భూగర్భ శాస్త్రం చదివేటప్పుడు రాళ్లు చూపించడానికి కొండలకు తీసుకెళ్లేవాళ్లు. అలా వెళ్లినప్పుడు ఒకసారి మైకుగాడు కాలుజారి పడ్డాడు. తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పింది. జోరువానలో తనను వీపున వేసుకుని రోడ్డు దాకా దించింది నేనేనని వాడు చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు. "ఏనాడూ ఆ మాట ఎత్తలేదు, అలాంటి మనిషి వాడు" అన్నాడు. నా పక్కనున్నావిడ కళ్లొత్తుకుంది. బతికుండగా నన్నెవరూ అంత పొగడలేదమ్మా. అన్నేళ్లు బోర్ల కోసం నేల పరీక్షిస్తూ తిరిగితే, రిటైరైన రోజున ఆఫీసువాళ్లు గోడగడియారం చేతిలో పెట్టి పంపేశారు. తర్వాత అందరూ మౌనం పాటించడానికి లేచారు. కూర్చుంటే బాగోదని నేనూ లేచాను. నా ఆత్మశాంతి కోసం నేనే తలవంచుకుని నిల్చున్నాను.

భోజనాలకు ముందు చేతులు కడుక్కునే చోట మౌని ఎదురుపడ్డాడు. మా క్లాసులో అందరికన్నా బలమైనవాడు, అందరికన్నా తక్కువ మాట్లాడేవాడు. అద్దంలో నన్ను చూసి కొళాయి కట్టేశాడు.

"బతికే ఉన్నావే."

"ఉన్నాను."

"మరి లోపల లేవలేదేం?"

"లేవలేకపోయాను. వాణ్ణి మోసింది నువ్వు కదరా, నువ్వెందుకు ఊరుకున్నావు?"

"పోయినవాడి దగ్గర లాక్కోవడం ఏం బాగుంటుందని ఊరుకున్నా."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు నీ ఇష్టం" అని చేతులు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

అవునమ్మా, మోసింది మౌని. నేను వాళ్లిద్దరి సంచులూ పట్టుకుని వెనకాల నడిచాను, అంతే. "అంత పని చేసి ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదురా" అని ఉత్తరంలో అడిగావు. చెయ్యలేదు కాబట్టి చెప్పలేదు.

అసలు సిగ్గుపడాల్సింది ఇంకా ఉంది. లోపలికెళ్లి మైకుగాడి భుజం తట్టాను. వాడు చేతిలో పళ్లెం వదిలేసి నన్ను వాటేసుకున్నాడు. వేదిక మీదకు లాక్కుపోయాడు. హాలంతా నవ్వులు, ఈలలు. ఎవరో నా ఫొటో తీసి బల్ల కింద పెట్టారు. మైకు నా చేతికొచ్చింది. నిజం చెప్దామనే నోరు తెరిచాను. అంతమంది అలా ఆపేక్షగా చూస్తుంటే, "అదేముందిరా, ఆ చోట ఎవరున్నా అదే చేసేవాళ్లు" అన్నాను. గొప్పలు చెప్పుకోని మనిషినని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. మౌని కూడా కొట్టాడు. వెటకారంగా కాదు, అందరిలాగే మామూలుగా కొట్టాడు. అదే నన్ను తినేస్తోంది.

ఎవరో ఇదంతా ఫోనులో వీడియో తీశారు, దాన్నే అక్క నీకు చూపించింది. దాన్ని నువ్వు షుగరు చూడ్డానికొచ్చే నర్సుకీ, మేడమీద అద్దెకున్నవాళ్లకీ చూపించి, "నా కడుపున పుట్టినవాడు" అని చెప్పుకున్నానని రాశావు. అది చదివి నీ కోడలికి చెబితే, "అత్తయ్యకు తర్వాత, ముందు ఆయనకు చెప్పండి" అంది.

నిన్న మైకుగాడికి ఫోను చేసి చెప్పేశాను. వాడు అంతసేపు మాట్లాడకుండా ఉండటం నేనెన్నడూ ఎరగను. చివరికి, "మరి ఆసుపత్రిలో నేను కళ్లు తెరిచేసరికి మంచం పక్కన ఉన్నదెవరు?" అన్నాడు.

"నేనే."

"అదైనా నిజమేనా?"

"నిజమేరా."

"సరే, అది నీ దగ్గరే ఉంచుకో" అని పెట్టేశాడు.

ఇవాళ మౌని ఫోను చేశాడు. "వాడు పొద్దున్నే మా ఇంట్లో దిగాడు. ఏడుస్తాడు, మాట్లాడతాడు, మళ్లీ ఏడుస్తాడు. నా ఒక్కడి వల్ల కాదు, నువ్వూ రా" అన్నాడు. ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలో తెలియడం లేదు. టిక్కెట్టు మాత్రం కొన్నాను.

అమ్మా, ఆ నర్సుకూ, మేడమీదవాళ్లకూ అది నేను కాదని చెప్పెయ్యి. చెప్పడానికి నీకు తలవంపుగా ఉంటే, వచ్చినప్పుడు నేనే చెప్తాను. నీ కడుపున పుట్టినవాణ్ణన్న మాట మాత్రం వెనక్కి తీసుకోకు.

ఇట్లు,
నీ కొడుకు